అడిగి ఫోటో తీసే లోకం

చెప్పులు కుట్టే దుకాణం పక్కన ఆటో ఆగితే చాలు, ఆ జిగురు వాసనకి నా కళ్ళు వాటంతటవే మూతపడతాయి. నిన్నా అంతే. ఈ కాలంలో గుంటూరు గాలి నిండా మిరప ఘాటే ఉంటుంది. దాన్ని కూడా తోసుకుని వచ్చింది ఆ వాసన. పక్కన కూర్చున్నావిడ తుమ్ముతూ, "ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అని అడిగింది. ఏమని చెప్పను? చెప్పుల అట్టలు అతికించి కవచం చేసుకుని, డెబ్బై దాటిన దయామణి టీచరు గారిని వెంటబెట్టుకుని వీడియో గేముల జాతరకి వెళ్ళానంటే నమ్ముతుందా?

టీచరు గారు మా చర్చిలో సండే స్కూలు నడిపేవారు. బడి ఉద్యోగం అయిపోయాక ఆవిడకి క్రిస్మస్ నాటకమే లోకం. హేరోదు అంగీ, జ్ఞానుల తలపాగాలు, దేవదూతల రెక్కలు అన్నీ ఆవిడ కుట్టు మిషను మీద పుట్టినవే. నాకు చిన్నప్పుడే మొహం మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు గానీ, ఊరికి చెప్పేదెవరు? బస్సెక్కితే చాలు, ముక్కూమొహం తెలియనివాళ్ళు గడ్డం పట్టుకుని తిప్పి చూసేవాళ్ళు. పాలూ చేపా కలిపి తిన్నావా అని ఒకరు, ఏ మందు వాడుతున్నావని ఇంకొకరు. ఎండకీ ఘాటుకీ మా దగ్గర ఆడపిల్లలందరూ చున్నీ మొహానికి చుట్టుకుంటారు, ఇంటికెళ్ళి విప్పుతారు. నేను మాత్రం విప్పడం మానేశాను. ఆ మచ్చల గురించి నన్ను ఒక్కమాటా అడగని మనిషి టీచరు గారే. సూదీ దారం చేతికిచ్చి, "రెక్కలు వంకర పోకుండా కుట్టు" అన్నారు. అంతే, ఆవిడ ఇంటి వరండా నాకు రెండో ఇల్లయింది.

కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక కూడా సాయంత్రాలు అక్కడికే వెళ్ళేదాన్ని. ఫోను కుట్టు మిషనుకి ఆనించి, దేశదేశాల్లో జరిగే గేముల మేళాలు చూపించేదాన్ని. జర్మనీలోని కొలోన్‌లో హాలు దాటితే ఇంకో హాలు, చీకట్లో మెరిసే తెరలు, వాటి మధ్య గేముల్లోని పాత్రల్లా కత్తులూ కొమ్ములూ తోకలూ తగిలించుకుని తాపీగా నడిచే మనుషులు. బ్రెజిల్ సావో పాలోలో అయితే తమకిష్టమైన ఆట పేరు వినపడగానే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని కౌగిలించుకునేవాళ్ళు. టీచరు గారు కళ్ళజోడు సర్దుకుని, "ఇది మన క్రిస్మస్ డ్రామానేగా! ఏసుప్రభువు ఒక్కడే లేడు" అనేవారు. వాన చినుకుల చప్పుడులో ఆ వరండాయే ఎటో తేలిపోతున్నట్టుండేది.

ఒకరోజు టోక్యో వీడియో చూస్తూ, "ఆపు, వెనక్కి పెట్టు" అన్నారు. "ఆ రెక్కల పిల్లకి ఈ అబ్బాయి ఎందుకలా వంగి దణ్ణం పెడుతున్నాడు?"

"ఫోటో తీసుకోవచ్చా అని అడుగుతున్నాడండీ. అక్కడది రూలు. వేషం వేసుకుంది కదా అని అడక్కుండా తీయకూడదు, ముట్టుకోకూడదు."

"వద్దంటేనో?"

"మళ్ళీ దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు."

ఆవిడ మిషను మీంచి కాళ్ళు తీసి నావైపు తిరిగారు. "అలాంటి చోటుకి నువ్వు వెళ్ళాలే, రూతూ" అన్నారు.

టోక్యో మనకెక్కడ అందుతుంది? హైదరాబాదులో జరిగే మేళాకి బయలుదేరాం. నేను ఎంచుకున్నది మంచుకోటకి కాపలా కాసే యోధురాలి వేషం. మా అమ్మ ఇల్లంతా పరిచిన అట్టలు చూసి, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెళ్ళి కావాల్సిన పిల్లకి ఈ చెప్పుల అట్టలేంటే?" అని తల కొట్టుకుంది. మంగళగిరి బట్టతో టీచరు గారు ఉత్తరీయం కుట్టారు. నేను చేసిన శిరస్త్రాణం అటూ ఇటూ తిప్పి చూసి, "మొహం ఏదే?" అన్నారు.

"ఆ పాత్రకి మొహం కనపడదండీ."

నిజమే, కనపడదు. ఆ పాత్రనే ఎందుకు ఎంచుకున్నానో ఆవిడకి తెలియదా? "సరే, నీ ఇష్టం" అని మాత్రం అన్నారు.

ఆ హాలు ఇప్పటికీ నాకు కలలాగే గుర్తుంది. నీలం వెలుగు, ఎక్కడి నుంచో సంగీతం, పొగలోంచి వచ్చి పొగలోకే పోయే రాక్షసులు. తెల్ల చీర, నల్ల గొడుగుతో టీచరు గారు వాళ్ళ మధ్య నింపాదిగా నడుస్తుంటే, నీలిరంగు విగ్గు పెట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చి, "ఆంటీ, మీరు ఏ క్యారెక్టరండీ?" అని అడిగాడు.

"సండే స్కూలు టీచర్ని, నాయనా."

"ఏ గేములో?"

"చాలా పాత గేములే. ఫోటో తీసుకుంటావా?" అని గొడుగు విప్పి నిలబడ్డారు. ఆ కుర్రాడి వెనక ఇంకో నలుగురు వరుస కట్టారు.

అప్పుడే ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. "అక్కా, హెల్మెట్ తీస్తారా? ఒక్క ఫోటో తీసుకోవచ్చా?"

పుట్టి బుద్ధెరిగాక నా మొహం చూడొచ్చా అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. "వద్దమ్మా" అన్నాను.

"పర్లేదక్కా. చాలా బాగా చేశారు" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

లోపల ఏడుపు ముంచుకొచ్చింది. తుడుచుకోవడానికి దారి లేదు. టీచరు గారు దగ్గరికొచ్చి, "వద్దన్నావా?" అన్నారు.

"అన్నానండీ."

"ఏమైంది?"

"ఏం కాలేదు."

"అంతే మరి" అన్నారు, గొడుగు ముడుస్తూ. కాసేపటికి నా అంతట నేనే శిరస్త్రాణం తీసి కళ్ళు తుడుచుకున్నాను. ఎవరూ తిరిగి చూడలేదు. చల్లగాలి బుగ్గలకి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో నేను మరిచేపోయాను.

కథలో అయితే అక్కడితో మారిపోయేదాన్ని. నిజంలో మాత్రం గుంటూరు బస్సెక్కగానే చున్నీ మళ్ళీ మొహానికెక్కింది.

మొన్న చలికాలంలో టీచరు గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. చర్చిలో పెట్టె చుట్టూ జనం మూగారు. కన్నీళ్ళకంటే ఫోన్లే ఎక్కువ. ఒకడు వంగి, ఆవిడ మొహం మీది బట్ట పక్కకి జరిపి మరీ వీడియో తీస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి వద్దన్నాను. చున్నీలోంచి నా మాట ఎవరికీ వినపడలేదు. దాన్ని లాగేసి, "ఫోన్లు దించండి. ఆవిణ్ణి అడిగారా మీరు?" అన్నాను, గోడలకి తగిలేలా.

సంఘపెద్ద ఒకాయన తెల్లబోయి, "చనిపోయిన మనిషిని ఎలా అడుగుతామమ్మా?" అన్నారు.

"అడగలేం కదండీ. అందుకే వద్దు."

ఒక్కొక్క ఫోనే దిగింది. ఇప్పుడు అందరి చూపూ నా మొహం మీదే ఉంది. సగం మందికి నేనెవరో కూడా తెలియలేదు. చూడనీ అనుకున్నాను. వద్దు అనే మాటని ఆవిడ నాకు నేర్పి వెళ్ళారు, రోజూ దానితోనే బతుకుతున్నాను. బట్ట సరిచేసి, పెట్టె మూసేదాకా ఆవిడ తల దగ్గరే నిలబడ్డాను. కడసారి చూడాలని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నా ముందు ఆగి, "చూడొచ్చా అమ్మా?" అని అడిగారు.