అమ్మ కాలు లేచినంత ఎత్తు

మా ఇంట్లో బేరం ఆడకుండా కొన్న వస్తువు లేదు. అనకాపల్లిలో బెల్లం, పప్పులూ అమ్మే కొట్టు మాది. నాకు మాటలు రాకముందే ధర అడగడం వచ్చిందని మావాళ్లు నవ్వుతారు. అందులో అబద్ధమేం లేదు. గొడుగు బాగుచేయించడానికి వెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, ముందు ధర విని, రెండడుగులు వెనక్కి వేసి, వాళ్లు పిలిచేదాకా మెల్లగా నడవడం నా అలవాటు. పళ్ల డాక్టరు పిలవలేదు. ఆ రోజు నొప్పితోనే ఇంటికొచ్చేను.

అలాంటివాణ్ణి, ఒక్కసారి మాత్రం, అరిగిపోయిన సరుకే కావాలని బతిమాలి కొన్నాను. అవి మా పాత స్టేషన్ వేగన్‌కి వేసిన స్ప్రింగులు.

ఆ బండి నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వెనక సీటు తర్వాత కూడా పొడుగ్గా ఖాళీ ఉండేది. అందులో బెల్లం దిమ్మలు వేసుకుని మాకవరపాలెం దాకా తిరిగేవాడు. బరువుకి వెనక భాగం కూలబడిపోతోందని కమాన్లలో అదనంగా పట్టీలు వేయించేడు. కమానంటే వెనక చక్రాల మీద బండి బరువు మోసే ఇనప పట్టీల కట్ట. ఎన్ని పట్టీలుంటే అంత బరువు మోస్తుంది, అంత పైకి లేస్తుంది. నాన్న పోయేక కొట్టు అమ్మ చేతికొచ్చింది, సరుకు లారీల్లో రావడం మొదలైంది. బండి మాత్రం ఖాళీగా, నడ్డి పైకెత్తిన గిత్తలా మిగిలిపోయింది.

రెండువేల సంవత్సరం దాటేక, హైవేని నాలుగు వరసలు చేస్తున్న రోజుల్లో, అమ్మ కొట్లో నూనె ఒలికిన చోట జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యేక కర్ర పట్టుకుని నడిచింది గానీ, కుడికాలు పైకి లేవడం మానేసింది. గడప దాటగలదు, మెట్టు ఎక్కలేదు. మా బండైతే మెట్టుకంటే ఎత్తు.

ఆస్పత్రి నుంచి వచ్చేక మొదటి ఆదివారం, చర్చికి తీసుకెళ్లేం. వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర ఎలాగో ఎక్కించేం. ఆరాధన అయ్యేక ఆవరణలో అందరూ చూస్తుండగా, నేనూ ఇంకో ఇద్దరూ చంకల కింద చేతులేసి, కాళ్లు పట్టుకుని, లేపి సీట్లో పెట్టేం. ఎవరో "మెల్లగా, మెల్లగా" అన్నారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అమ్మ అంది.

"ఈ సేతుల్తో ఎన్ని బస్తాలు ఎత్తించేనో నీకు తెలుసు. బస్తాని ఎత్తినప్పుడు ఎవుడూ దాని మొకం సూడడు బాబూ."

ఆ తర్వాత చర్చికి రానంది. పీట వేస్తానన్నాను. జారిపడ్డ మనిషికి కదిలే పీట అంటే భయం. ఆటో గెంతులకి తుంటి ఒప్పుకోలేదు. పాస్టరు గారు ఇంటికొచ్చి, ప్రభు బల్ల రొట్టే, ద్రాక్షరసమూ ఇక్కడికే తెస్తాను, మంచం మీదే పుచ్చుకోవచ్చు అన్నారు. అమ్మ ఆయనకి కాఫీ ఇప్పించి, మర్యాదగానే వద్దంది. బల్ల దగ్గరికి మనిషి నడిచి వెళ్లాలి గానీ బల్ల మనిషి దగ్గరికి నడిచి రాకూడదట. ఆయన వెళ్లేక తలుపు వైపు తిరిగి పడుకుంది. కొట్లో అప్పు ఎగ్గొట్టినవాడి ముందు కూడా తల తిప్పని మనిషి.

బండిని దించాలని అప్పుడు అనుకున్నాను. ఎంత దించాలో అమ్మే చెప్పింది. గోడకి ఆనుకుని నిలబడి, కర్రని పక్కన నిలబెట్టి, కాలు లేచినంత లేపి, ఆ ఎత్తులో కర్రకి గోనె తాడు కట్టించింది. "ఇక్కడిదాకా వత్తాది నా కాలు. నీ బండిని ఇక్కడికి దింపు." ఇంచీలు, సెంటీమీటర్లు మా అమ్మకి ఎప్పుడూ గిట్టలేదు.

హైవే పక్కన లారీలకి కమాన్లు కట్టే షెడ్డుకి వెళ్లేను. కట్టేవాడు ఎస్. రాయవరం వైపు మనిషి, నాకు పాత పరిచయం. మా కమాన్లు చూసి, ఇవి బలిసిపోయున్నాయి, ఇదే కంపెనీ మామూలు కారుకుండే కమాన్లు నా దగ్గరున్నాయి, పట్టీలు తక్కువ, అవి వేస్తే దిగుతుంది అన్నాడు. ముందు చక్రాల కాయిల్ స్ప్రింగుల్ని ఒక చుట్టు కోసేద్దామన్నాడు. కోతకి ఖర్చు లేదు కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది. అలా కోసిన కారొకటి అక్కడే ఉంటే అందులో శారదా నది వంతెన దాకా వెళ్లొచ్చేను. రోడ్డు మీద గులకరాయి నా నడుములో మోగింది. తుంటి అతికిన మనిషిని ఇందులో కూర్చోబెట్టలేను. కోత వద్దు, కమాన్లు చాలన్నాను.

ఇక బేరం. పొద్దున్న మొదలెట్టి మధ్యాహ్నం భోజనాల దాకా ఆడేను. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేను, అతను పిలిచేడు. అతను పనిముట్లు సర్దేసేడు, నేను వెనక్కొచ్చేను. ఆఖరికి ధర దగ్గర మొండికేస్తే, మా కొట్లో ప్రతి బేరానికీ చివర వచ్చే మాటే నా నోట్లోంచి వచ్చింది. "సర్లే బావా, కొసరైనా వెయ్యి."

కొసరు వెయ్యనివాడు వర్తకుడే కాదు మా దగ్గర. శేరు పప్పు కొలిచేక పైన ఓ గుప్పెడు పడాల్సిందే. అతనూ నవ్వి, మంచి పట్టీలు ఏరి, రెండు వైపులా తలో రెండు ఎక్కువ కట్టేడు. "నీకు కాబట్టి ఏసేను బావా, ఎవులికీ సెప్పకు" అన్నాడు. ఎవరికీ చెప్పననుకుంటూనే, దారిలో కనపడ్డ ఇద్దరికి బండి ఆపి మరీ చెప్పేను.

ఇంటి ముందు అమ్మ కర్ర తీసుకుని వచ్చింది. బండి తలుపు తీసి, గుమ్మం పక్కన కర్ర నిలబెట్టింది. తాడుకీ బండి గుమ్మానికీ మధ్య జానెడు ఎడం. పొద్దున్న బయల్దేరినప్పుడు అంత లేదు.

"ఏటి సేయించేవు?"

చెప్పేను. కొసరు సంగతి గొప్పగానే చెప్పడం మొదలెట్టి, సగంలో నా గొంతు నాకే చిన్నదైపోయింది.

"దింపమంటే కొసరేయించి ఎక్కించుకొచ్చేవా?" అంది అమ్మ. "నిన్ను అని ఏటి లాభం. నేను పెంచిందే కదా."

పడిపోయిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వి, అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది. నాన్న ఉన్నప్పుడు ఇదే బండి తనకి ఎత్తనిపించలేదే అని పైకే అనుకుంది. అప్పుడు కాలు బాగుండేది కదా అన్నాను. కాదంది. అప్పుడు వెనక ఎప్పుడూ బెల్లం ఉండేది. బరువుకి అణిగి, గుమ్మం తన మోకాలికి బాగా కిందే ఉండేది. నిజమే, ఆ బండిని ఖాళీగా మేమెవరం ఎప్పుడూ ఎక్కలేదు.

కొట్లోంచి దిమ్మలు తెచ్చి ఒక్కొక్కటే వెనక పెట్టేం. బండి దిగుతూ వచ్చింది. గుమ్మం తాడు దగ్గరికి వచ్చేక అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఇలాగే ఉంచేద్దామన్నాను. ఎండకి బెల్లం కారుతుంది, చీమలు పడతాయి, అమ్మకానికి పెట్టిన సరుకు ఊరికే షికారు తిరగకూడదు అంది. కానీ మాకు కావలసింది తెలిసింది. ఈ కమాన్లు బరువుతో ఎక్కడ ఆగుతున్నాయో, ఖాళీగా అక్కడ ఆగే కమాన్లు కావాలి.

విశాఖలో పాత బళ్లు విప్పి సామాన్లమ్మే చోటుకి ఆ కర్ర పట్టుకుని వెళ్లేను. మా బండి కంపెనీదే మామూలు కారు ఒకటి విప్పడానికి సిద్ధంగా ఉంది. ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగి, కమాన్లు సాగి, వంపు పోయి, దాదాపు బల్లపరుపుగా అయ్యాయి. ముందు స్ప్రింగులూ అలాగే కుంగిపోయున్నాయి. గుమ్మం పక్కన కర్ర పెట్టేను. తాడుకి వేలెడు కింద ఉంది.

అమ్మేవాడు నిజాయితీపరుడు. ఇవి అలిసిపోయాయి సార్, లోపల గట్టివి ఉన్నాయి, అదే ధరకిస్తాను అన్నాడు. జీవితమంతా సరుకులో లోపం ఎంచి ధర తగ్గించినవాణ్ణి. ఇప్పుడు లోపాన్ని అతను ఎంచుతున్నాడు, నేను వెనకేసుకొస్తున్నాను. పగుళ్లున్నాయేమోనని ప్రతి పట్టీ తడిమి చూసేను గానీ, బేరం ఆడడానికి నోరు రాలేదు. అడిగిన ధర ఇచ్చేసేను. అతను అనుమానంగా నోటుని వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు.

ఆ ఆదివారం ప్రభు బల్ల ఉంది. అమ్మ తెల్లచీర కట్టుకుని, ఆ పాత స్ప్రింగులు వేయించిన బండి దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి చాపేను. నా చెయ్యి చూసింది, పట్టుకోలేదు. ముందు సీట్లో కూర్చుని, చేతులతో తుంటిని తిప్పుకుంది. కుడికాలు కాసేపు గుమ్మం అంచు దగ్గర ఆగింది. నేనూ నా భార్యా పక్కనే నిలబడ్డాం. కాలు అంచు దాటింది.

"ఏటలా నిలబడ్డారు, టైమవట్లేదా?" అంది.

బండి ఎత్తు దిగింది కాబట్టి కొత్త కష్టమొకటి వచ్చింది. చర్చి గేటు ముందు దిబ్బలాంటి స్పీడ్ బ్రేకర్ ఉంది. నిండుగా ఉంటే బండి కడుపు దానికి రాసుకునేది. అందుకని ప్రతి ఆదివారం అక్కడ ఆపితే, వెనక కూర్చున్న నా భార్యా, పక్కింటివాళ్లూ దిగిపోయి, బండి పక్కనే నడిచేవాళ్లు. నేనూ అమ్మా మాత్రం మెల్లగా దాటేవాళ్లం. దాటేటప్పుడల్లా అమ్మ ముందుకే చూస్తూ అనేది. "నువ్వు కూడా దిగిపోరా, నేను తోలుకుపోతాను."

కొన్నేళ్లు అలా వెళ్లింది. బల్ల దగ్గరికి నడిచే వెళ్లింది, ప్రతిసారీ.

ఆఖరిసారి మాత్రం మేమే ఎత్తేం. పెట్టె మూసేముందు అందర్నీ ఆగమని, మొహం చూడమన్నాను. తర్వాత ఎత్తి, నాన్న బెల్లం వేసిన చోట పెట్టేం. బండి కొద్దిగా అణిగింది.

చర్చి గేటు దగ్గర, ఎవరూ చెప్పకుండానే, అందరూ దిగి పక్కన నిలబడ్డారు. నేనొక్కణ్ణే స్టీరింగు దగ్గర ఉండిపోయేను. గేరు వెయ్యకుండా కాసేపు ఆగేను, అమ్మ అక్కడ అనే ఆ మాట వినపడాల్సినంత సేపు. తర్వాత మెల్లగా దాటించేను. ఎక్కడా తగల్లేదు.