పేరు కింద ఏమి వేయాలి

మా చిన్నాన్న మదనపల్లె నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కుప్పం స్టేషన్లో డ్యూటీకి బెంగళూరు పోయే బండి కోసం నిలబడి ఉన్నాను. ఆయన కూతురి పెళ్ళి కుదిరింది. పత్రిక వేయించడానికి ప్రెస్సులో కూర్చున్నాడు.

"పాపా, నీ పేరు కింద ఏమి ఎయ్యమంటావు? ఈడ ప్రెస్సాయన కాసుకోని ఉండాడు. పోయినసారి మాదిరే సూపర్‌వైజర్ అని ఎయ్యమని సెప్పేదా?"

"కొంచెం ఆగు చిన్నాయనా, సాయంత్రం చెప్తాను" అని పెట్టేశాను. సాయంత్రం కూడా చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర మాటంటూ ఉంటే కదా.

మా వైపు పెళ్ళిపత్రికలో పేరు ఒంటరిగా ఉండకూడదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉద్యోగం ఉండాలి. టీచరో, కండక్టరో, ఏదీ లేకపోతే రైతు అనైనా వేస్తారు. రామసముద్రం పక్కన కూలికి పోయి బతికిన ఇల్లు మాది. మా తాత కాలంలో పత్రికల్లేవు, ఇంటింటికీ పోయి నోటితో పిలిచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇంటికి ఇద్దరు ముగ్గురు జీతగాళ్ళమయ్యాం. అందుకే పేరు కింద ఆ రెండో వరస అంటే చిన్నాన్నకు ప్రాణం. ఎవరి ఉద్యోగమైనా తప్పు పడితే పత్రికలన్నీ మళ్ళీ వేయిస్తాడు, పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పడితే మాత్రం పెన్నుతో దిద్దుతాడు.

నేను విమానంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో పుంగనూరులో మా వీధివాళ్ళు నన్ను "ప్లేన్లో నీళ్ళిచ్చే పిల్ల" అనేవాళ్ళు. నీళ్ళివ్వడంలో తప్పేముంది? ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తాను. కానీ ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మూతి తిరిగే తీరు ఉంది చూడండి, దానికి నాకు ఒళ్ళు మండేది. పరీక్షలు రాసి, నిద్ర చంపుకుని, ఏళ్ళ తరబడి తిరిగి కేబిన్ సూపర్‌వైజర్ అయ్యాను. అది పత్రికలో అచ్చయ్యాక వీధి నోరు మూసుకుంది.

ఇదిగో, అప్పుడు మా కంపెనీని ఇంకో కంపెనీలో కలిపారు. విలీనం అన్నారు. మింగడానికి ఎంత మర్యాదైన మాట! వాళ్ళ దగ్గర సూపర్‌వైజర్ అనే పేరే లేదట. విమానంలో పనిచేసేవాళ్ళంతా క్రూ, క్రూ మీద లీడ్, అంతే. వాళ్ళ లీడ్లు లీడ్లుగానే ఉన్నారు. మా సూపర్‌వైజర్లం మాత్రం రాత్రికి రాత్రి 'సీనియర్ క్రూ' అయిపోయాం. లీడ్ కావాలంటే మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. ఈ సంగతి చెప్పిన మెయిల్ చివర ధన్యవాదాలతో ఒక పూలగుత్తి బొమ్మ కూడా పెట్టారు.

కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే మా ఆయనకు ఆ మెయిల్ చూపించాను. ఆయన అన్నం తింటూ, తల ఎత్తకుండా చదివాడు.

"జీతం తగ్గలేదు కదా. ఇంక యాల ఈ రచ్చ?"

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో! అడిగిన ప్రతి ఒక్కరి మీదా నాకు కోపం వచ్చింది. జీతం కాదు నా గొడవ. విమానంలో ముందు తలుపు దగ్గర నిలబడేది సూపర్‌వైజర్. ఎవరు ఏ తలుపు చూసుకోవాలో చెప్పేది ఆమె. తాగి వచ్చినవాణ్ణి ఎక్కించుకోవాలా వద్దా అని కెప్టెన్ అడిగేది ఆమెనే. గాల్లో ఒక ముసలాయనకు ఛాతీ పట్టేస్తే అందరూ చూసేది ఆమె మొహం వైపే. ఆ చోటు నాది. నేను అడుక్కుని తెచ్చుకున్నది కాదు. అది ఒక్కటి నాకు తిరిగి వస్తే చాలు, దాన్ని ఏ పేరు పెట్టి పిలుచుకున్నా నాకు నష్టం లేదు. ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన చారు పోసుకున్నాడు.

కొత్త పేరుతో మొదటి ఫ్లైటు గుర్తుంది. బయల్దేరే ముందు క్రూ అందరం ఒక గదిలో కూర్చుంటాం. ఆ రోజుకు పెద్దగా ఉన్నామె ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడుగుతుంది, పొగ వస్తే ఏం చేస్తావు, బిడ్డకు ఊపిరాడకపోతే ఏం చేస్తావు అని. జవాబు రాకపోతే ఆ రోజు ఎక్కనివ్వదు. ఆ ప్రశ్నలు ఏళ్ళ పాటు నేనే అడిగాను. ఆ రోజు నన్ను అడిగిన అమ్మాయి వాళ్ళ కంపెనీ లీడ్. నాకంటే సర్వీసులో చాలా చిన్నది. మంచిపిల్ల, నిజం చెప్పాలంటే. నన్ను "మేడమ్" అంటూనే వెనక తలుపు ఇచ్చింది. ఆ మేడమ్ నాకు ఇంకా గుచ్చుకుంది.

దిగేటప్పుడు జరిగింది అసలు కథ. విమానం వచ్చి నిలబడ్డాక తలుపుల మీటలు మార్చాలి, లేకపోతే తలుపు తీయగానే ఎమర్జెన్సీ జారుడుబల్ల ఉబ్బి బయటపడుతుంది. మార్చండి అని మైకులో చెప్పేది ఒక్కరే, ముందు తలుపు దగ్గరుండే ఆమె. విమానం ఆగింది, బెల్టు లైటు ఆరింది. నా చేయి దానంతట అది మైకు అందుకుంది. వెనక నుంచి నేను చెప్పేశాను! మా పాత కంపెనీ పిల్లలు నా గొంతు వినగానే మీటలు మార్చేశారు. వాళ్ళ కంపెనీ పిల్లలు తమ లీడ్ మాట కోసం అట్లే నిలబడ్డారు. ఒకే విమానంలో సగం తలుపులు ఒకరివి, సగం ఇంకొకరివి. ఆమె ముందు నుంచి మళ్ళీ చెప్పింది, ఒక్కో తలుపూ అడిగి సరిచూసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"రిపోర్టు రాయాలి మేడమ్, సారీ" అంది దిగాక. రాయమన్నాను. ఆమె స్థానంలో నేనున్నా రాసేదాన్నే. నా కోపం ఆమె మీద కాదు. ఆఫీసులో కూర్చుని ఒక్క మెయిల్‌తో పేరు మార్చి, తెల్లారేసరికి నా చేయి కూడా మారిపోవాలనుకున్నారు చూడండి, వాళ్ళ మీద.

చిన్నాన్న ఫోన్ చేసిన నాలుగు రోజులకు పత్రిక వాట్సాప్‌లో వచ్చింది. నేను ఫోన్ చేయకపోయేసరికి చిన్నాన్న సొంత తెలివి వాడాడు. నా పేరు కింద 'మేనేజర్, ఎయిర్‌లైన్స్' అని ఉంది. పెళ్ళిలో, మదనపల్లెలో, పంక్తిలో కూర్చున్నదగ్గర్నుంచి ఒకటే అభినందనలు. ఆకులో వడ్డించిన పాయసం కంటే అవే ఎక్కువ పడ్డాయి. చివరికి పుంగనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అందరికీ వినపడేట్టు అడిగాడు.

"సూపర్‌వైజర్ నుంచి మేనేజర్ అయినావంటనే అమ్మా! ప్రమోషనా?"

"లేదప్పా, తగ్గించినారు" అన్నాను.

నా పక్క వరసలో చేతులు ఆకుల మీదే ఆగిపోయాయి. పెద్దాయన మంచినీళ్ళు తాగాడు. చేతులు కడుక్కునే దగ్గర చిన్నాన్న నన్ను పట్టుకున్నాడు.

"నేను కష్టపడి ఏయిస్తే నువ్వు యాల అట్ల సెప్పినావు? సూడు, వియ్యంకులు కూడా ఉండారు ఆడ. రెండు దినాలు నోరు మూసుకోని ఉంటే నీ సొమ్మేం పోతాది?"

"లేనిది ఉందని ఎట్ల చెప్పేది చిన్నాయనా?"

"ఉంటాది లే. పరీచ్చ రాస్తాండావు కదా, వస్తాది."

పరీక్ష రాశాను. అయిదేళ్ళ సర్వీసున్న పిల్లల మధ్య కూర్చుని, వాళ్ళలో కొందరికి నేనే నేర్పిన జవాబులు రాశాను. విమానం నీళ్ళల్లో దిగితే వాడే తెప్పను తొట్టిలో వేసి ఎక్కి చూపించమన్నారు, ఎక్కాను. మోకాలు కొట్టుకుని నల్లగా కమిలింది. ఇంటర్వ్యూలో ఒకాయన "మీరు నాయకత్వాన్ని ఎట్లా చూస్తారు?" అని అడిగాడు. ముందు తలుపు దగ్గర నిలబడి చూస్తానయ్యా అనాలనిపించింది. అనలేదు. ఆయనకు కావలసిన జవాబే ఇచ్చాను.

గెలిచాను. మళ్ళీ పూలగుత్తితో మెయిల్ వచ్చింది. ఇక నుంచి లీడ్. స్టేషన్ నుంచి ఇంటికి ఆటోలో వస్తూ మూడుసార్లు చదివాను. మూడోసారి కింద ఉన్న చిన్న వాక్యం కళ్ళబడింది. లీడ్‌గా నా సీనియారిటీ ఈ రోజు నుంచి లెక్క. ఇక నుంచి నాకు పెద్ద విమానాలు, వాటిలో ఇద్దరు లీడ్లుంటారు. సీనియర్ ముందు తలుపు, జూనియర్ వెనక తలుపు. అంటే నాకు పేరు వచ్చింది, చోటు రాలేదు. వాళ్ళ కంపెనీలో నిన్నగాక మొన్న లీడ్ అయిన పిల్ల కూడా నాకు సీనియరే.

ఆఫీసుకు ఫోన్ చేశాను. "పాత కంపెనీలో చేసిన సంవత్సరాలు పాత కంపెనీవి కదా మేడమ్" అంది అవతలి గొంతు, ఎంతో తీయగా. అరిచాను. ఆటో అతను అద్దంలోంచి చూశాడు. అయినా అరిచాను. ఆమె నేను ఆగేదాకా ఆగి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

ఇంటికొచ్చి పుంగనూరుకు, అమ్మకు ఫోన్ చేశాను. ఆమె అక్కడ మా అన్నవాళ్ళతో ఉంటుంది. విషయం చెప్తూ చెప్తూ ఏడ్చేశాను.

"గెలిచినానంటావు, మళ్ళా ఏడుస్తాండావు. సరింగా సెప్పు" అంది.

"ఇన్నేండ్లు చేసింది లెక్కలేదంట అమా. ఈ పొద్దు చేరినట్టే అంట."

ఫోన్లో అటువైపు వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది.

"మీ నాయన పొయ్యేటప్పుడు నువ్వు ఆ డ్యూటీలోనే ఉంటివి కదా" అంది అమ్మ.

నిజం. ఆ రోజు నేను సూపర్‌వైజర్‌ని. విమానం దిగి, ఆఖరి మనిషిని నవ్వుతూ పంపించి, అప్పుడు ఫోన్ ఆన్ చేశాను. నేను పుంగనూరు చేరేసరికి అంతా అయిపోయింది.

"ఆ పొద్దు కూడా లెక్కలేదంటనా?" అంది అమ్మ.

"లేదంట అమా" అన్నాను.