ఎర్రయ్య చెప్పిన అడుగు

2004 వేసవి. సముద్రంలో వేట ఆపిన రోజులు. నర్సీపట్నంలో మా వెల్డింగ్ షెడ్డుకి పడవ పని రావడం అదే మొదలు. మా ఆయన పోయి అప్పటికి అయిదేళ్లు. షెడ్డు నేనే నడిపేదాన్ని. నాకు సంతకం పెట్టడం, టేపు మీద అంకెలు చదవడం తప్ప చదువు లేదు. ఇది కూడా నేను చెప్తుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. మేం చేసేవి గేట్లు, గ్రిల్లులు, చెరుకు బళ్ల ఇరుసులు. మా నోట అడుగంటే పన్నెండంగుళాలే.

ఎర్రయ్యది నక్కపల్లి వైపు సముద్రపొడ్డు. అతని ఫైబర్ పడవకి ఇంజను కడుపులో ఉండేది. దాని ఇరుసు కిందనుంచి బయటికొచ్చి పంకాని తిప్పేది. ఒడ్డుకొచ్చినప్పుడల్లా ఆ పంకా ఇసకలో తగిలి విరిగేది. అందుకని వెనక తగిలించే మోటారు, పాతది, ఒకటి కొన్నాడు. అదైతే ఒడ్డు దగ్గర పైకెత్తేసుకోవచ్చు. కానీ పడవ వెనక పలక అంత బరువుకి కట్టింది కాదు. పలక అవతల ఇనప బ్రాకెట్టు నిలిపి, దానికి మోటారు వేలాడదీయాలి.

వాళ్ల ఒడ్డుకే వెళ్లి నేనూ అతని మనుషులూ కలిసి పాత ఇంజను దించాం. ఇరుసు బెజ్జంలో కర్ర బిరడా కొట్టి, మీద ఫైబర్ గుడ్డ, రెజిన్ వేసి మూసాం. బోల్టులు పలకలో ఊరికే బిగిస్తే కుదుపుకి చీల్చుకుని వచ్చేస్తాయి. అందుకని లోపలివైపు మందం రేకు పెట్టి దానిలోంచి బిగించాం.

ఇంక మిగిలింది ఎత్తు. మోటారు కాలికి, పంకాకి కాస్త పైన, చదునైన రెక్క ఒకటి ఉంటుంది. "రెక్క అడుగు మీదుండాలప్పా" అన్నాడు ఎర్రయ్య, మోటారు అమ్మినవాడు చెప్పిన మాటే. అక్కా అనడానికి వాళ్ల వైపు అప్పా అంటారు. సరేనన్నాను. రెక్క పడవ కిందనుంచి ఒక అడుగు పైకి వచ్చేలా కొలుచుకుని బ్రాకెట్టు కట్టాను.

పడవ నీళ్లలోకి దించే రోజు, కొబ్బరికాయ కొట్టే వేళకి నేను వలల పాక వెనక్కి వెళ్లిపోయాను. మొగుడు పోయిన ఆడది అలాంటప్పుడు ఎదురు రాకూడదు కదా. ఎవరూ పొమ్మనలేదు, నేనే వెళ్లాను. మోటారు నీళ్లలో ఎంత దిగిందో చూడాల్సిన మనిషిని, తాటాకు దడి చూస్తూ నిలబడ్డాను.

మోటారు కీచుమని అరిచింది. పంకా నీళ్లని కాదు, గాలిని కోస్తోంది. పడవ ముందుకి కదల్లేదు; కెరటం దాన్ని అడ్డం తిప్పేసింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి పడవ ఒడ్డున ఒరిగి ఉంది. దాన్ని నడిపిన ఎర్రయ్య భుజం కీలు జారి, ఇసకలో కూచుని ఉన్నాడు.

అతని తల్లి నన్ను చూసింది. "ముండమోపి సెయ్యి పడ్డాక పడవేటి పారుతాదిరా? బేగి పంపేయండి ఈవిడ్ని. పసుపునీళ్లు జల్లి రేపు మళ్లీ దించుదురుగాని."

నా గొంతు వెల్డింగు పొగకి బొంగురుపోయి ఉంటుంది. మగాళ్లలో ఒకడు దాన్ని ఎత్తిపొడుస్తూ, మోటారు కూడా ఈవిడ లాంటిదే, గోల ఎక్కువ పని తక్కువ, అన్నాడు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఊపిరొచ్చింది. తప్పు నా తలరాతదైతే నా పనిది కాదు. ఇంక ఎవరూ టేపు పెట్టి చూడరు. సామాన్లు సంచిలో సర్దేసాను కూడా. పడవ ఒరిగినందుకన్నా, అలా సర్దుకున్నందుకే ఇప్పటికీ తలెత్తలేను.

సంచి ఎత్తుకున్నాక, ముసలమ్మ అన్న "రేపు" తలకెక్కింది. అదే బ్రాకెట్టు, అవే కెరటాలు. ఈసారి భుజంతో పోదు. పంకా గాలిని కోసిందంటే ఎత్తు ఎక్కువైనట్టే; వెనక్కొచ్చి ఎర్రయ్య ముందు కూచున్నాను.

"నువ్వు సెప్పింది ఏ అడుగురా తమ్ముడూ?"

బాగున్న చేత్తో పడవ కిందిభాగం తట్టాడు. "ఇదేనప్పా. పడవ అడుగు. ఇంకేటుంటాది?"

రెక్క పడవ అడుగుకి సమంగా ఉండాలని అతను చెప్పాడు. నేను దాన్ని అడుగెత్తున పెట్టాను. టేపు తీసి అందరి ముందూ కొలిచాను.

"నా నుదురు కాదమ్మా, నా కొలత తప్పింది" అన్నాను ముసలమ్మతో. "నాకు బొట్టున్నా ఈ పడవ ఇలాగే అడ్డం తిరిగేది. పసుపునీళ్లకి బ్రాకెట్టు కిందికి దిగదు."

"అదేదో దించకముందే అడగాల" అంది. నేను టేపు చుట్టేసి బ్రాకెట్టు బోల్టులు విప్పడం మొదలెట్టాను.

పడవకి కొత్త బెజ్జాలు పెట్టలేదు. బ్రాకెట్టుని షెడ్డుకి తెచ్చి, దానికి మోటారు వేలాడే ఇనప పలకని కోసి, కిందికి దించి అతికాను. రెండోసారి మోకాలి లోతు నీళ్లలో నేనే నిలబడి, పంకా పూర్తిగా మునిగిందని చూసాకే వదలమన్నాను. ముసలమ్మ మొహం అటు తిప్పుకుంది గాని పొమ్మనలేదు. పడవ కెరటం దాటి వెళ్లింది. నడిపింది ఎర్రయ్య కాదు, అతని బావమరిది. ఆ ఏడు వేటకి ఎర్రయ్య భుజం లేవలేదు.

షెడ్డు మూసేదాకా పడవ పనులు ఇంకా వచ్చాయి. ఎవరు కొలత చెప్పినా నోటిమాట పట్టుకునేదాన్ని కాదు, చేత్తో తాకి చూపించమనేదాన్ని. నీళ్లలో నడిచేదాన్ని నీళ్లలో నిలబడి చూసాకే, పని అయిందనేదాన్ని.