దువ్వెన పళ్లు

ఆసుపత్రిలో చేరే ముందురోజు అక్క, ఒక బడి ఆటల పోటీ వీడియోను పరుగెత్తే పిల్ల కాలి దగ్గర ఆపి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి చూసింది. ఎడిటింగుకి ఏ వీడియో వచ్చినా ఆమె మొదట చేసే పని అదే. పాత కెమెరాలు ఒక్కో బొమ్మను రెండు విడతలుగా, గీత విడిచి గీత తీస్తాయి. ఆ రెండింటి మధ్య మనిషి కదిలితే అంచుల వెంట దువ్వెన పళ్లు లేస్తాయి. అది ఇంటర్‌లేస్డ్. బొమ్మ మొత్తం ఒకేసారి తీసేది ప్రోగ్రెసివ్. దాని అంచు నున్నగా ఉంటుంది. ఇరవై ఏళ్లలో అక్క ఒక్కసారీ పొరబడలేదు. కళ్లజోడు తుడుచుకుని, "పళ్లున్నాయిరా" అంది.

"లేవే అక్కా. ఇది ప్రోగ్రెసివ్. సాఫ్ట్‌వేర్ కూడా అదే చూపిస్తోంది."

"దానికి కళ్లున్నాయేంట్రా? నీకున్నాయి, ఏం లాభం!"

"ముసలిదానివైపోయావు, అద్దాలు మార్పించుకో" అని నవ్వాను. ఆమె పళ్లు పోగొట్టే ఫిల్టరు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. ఆమె కంటికి అవి పోలేదు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుండిపోయింది.

తలలో గడ్డ ఉందని, అదే చూపును చెడగొట్టిందని డాక్టర్లు కనుక్కునేసరికి చేయగలిగిందేమీ మిగల్లేదు. మూడు వారాల్లో పోయింది.

ఆ తర్వాత పక్కింటావిడ చెప్పింది. ఆసుపత్రిలో చేరకముందు రెండు నెలలుగా, గేటు దగ్గర వాళ్ల పాప టాటా చెబుతుంటే అక్క, "ఊపకమ్మా, ఒక్క క్షణం చెయ్యి కదపకుండా ఉంచు" అని బతిమాలేదట.