మినప కట్టె చుట్టుకున్న చక్రం

2023 మార్చి. బందరులో నేను కార్ల షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. బండి శబ్దం వింటే చాలు, జబ్బు చెప్పేస్తానని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్ప ఆ నెలలోనే దిగింది.

చల్లపల్లి అవతల కాలవ గట్టు మీది ఊరి నుంచి రామ్మోహనరావు గారు కారు తెచ్చారు. డెబ్బైకి దగ్గర పడిన రైతు. నేను బాబాయిగారూ అంటాను. భార్య సుశీలమ్మ గారికి వారానికి మూడుసార్లు బందరులో డయాలసిస్. తీసుకురావడం, తీసుకెళ్ళడం అంతా ఆయనే.

డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతోంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా, బ్రేకును వదులుతూ పడుతూ ఉండే ఏర్పాటు ఏబీఎస్. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి కబురు చెప్పేది వీల్ స్పీడ్ సెన్సర్. స్కానర్ పెడితే ముందు కుడి చక్రం సెన్సర్ అని చూపించింది.

చక్రం ఊడదీశాను. లోపల డ్రైవ్ షాఫ్టుకి, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసుకి, మినప కట్టె గుబురుగా చుట్టుకుని ఉంది. మా వైపు వరి కోశాక మినుము వస్తుంది. ఆ కట్టెను తారురోడ్డు మీద పరిస్తే పోయే వచ్చే బండ్లే నూర్చిపెడతాయి. కార్లవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి తప్పించుకుపోతారు. బాబాయిగారు మాత్రం పనిగట్టుకుని మధ్యలోంచి పోనిచ్చేవారు.

"సాటి రైతు కదయ్యా. రెండుసార్లు ఎక్కువ తొక్కిస్తే నా సొమ్మేం పోయింది?" అన్నారు.

"సెన్సర్ పోయిందండీ" అన్నాను నవ్వుతూ.

కట్టె రాసుకుని సెన్సర్ వైరు తెగింది. కట్టె పీకి పారేసి, కొత్త సెన్సర్ బిగించి, బైపాస్ మీద అరవైలో పోతూ బ్రేకు తొక్కి చూశాను. నిక్షేపంగా ఆగింది. లైటు ఆరిపోయింది. పంపేశాను.

ఆరో రోజు పొద్దున పదింటికి మళ్ళీ వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తాళం నా బల్ల మీద పెట్టారు.

"ఈ బండి ఎవరికైనా అమ్మిపెట్టు ఖలీలూ."

మొన్న ఊళ్ళోకి తిరిగే వంతెన దగ్గర, నెమ్మదిగా వస్తూనే బ్రేకు తొక్కారట. పెడల్ కాలిని ఎదురు తన్నిందట. బండి ఆగకుండా గట్టు అంచు దాకా పాకి తుమ్మ మొద్దుకు ఆనుకుని నిలబడిందట. అవతల కాలవ. వెనక సీట్లో సుశీలమ్మ గారు నిద్రలో ఉన్నారు.

"బండికేం కాలేదయ్యా. లైటు కూడా రాలేదు. నా కాలే ఆనట్లేదు. వయసైపోయింది. మీ పిన్ని పల్లెత్తు మాటనలేదు గానీ, ఇవాళ ముందు సీట్లో కూర్చుని, దారంతా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యేసుకుని వచ్చింది."

"బండి అమ్మేస్తే ఆవిణ్ణి ఎలా తీసుకొస్తారండీ?"

"బస్సులో. కూర్చోలేదనుకో, తెలుసు. చేతులారా చంపుకోవడం కంటే నయం కదా."

ఆవిణ్ణి ఆసుపత్రిలో దించి వచ్చారు. రెండింటికి వెళ్ళి తీసుకెళ్ళాలి. నాకున్నది నాలుగు గంటలు.

స్కానర్ పెట్టాను. తప్పేమీ లేదంది. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆయన కాలి మీదే అనుమానం వచ్చింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాను. నలభైలో తొక్కాను, ఆగింది. అరవైలో తొక్కాను, ఆగింది. బాబాయిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

తిరిగొస్తుంటే సందు మొదట్లో ఒకావిడ చేపల గంప దించుకుంటోంది. నడక వేగంలో ఉన్నాను. మామూలుగా బ్రేకు మీద కాలేశాను. పెడల్ టకటకమని అరికాలిని కొట్టింది. బండి ఆగలేదు, ముందుకే పోతోంది. హ్యాండ్ బ్రేకు లాగేశాను. గంపకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ తిట్టిన తిట్లు నాకు సగమే వినపడ్డాయి.

"అదేనయ్యా!" బాబాయిగారు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. "అచ్చం అలాగే తన్నింది!"

షెడ్డులో బండి పైకెత్తి, టార్చి పెట్టుకుని, కుడి చక్రాన్ని చేత్తో అంగుళం అంగుళం తిప్పాను. షాఫ్టు మీద పళ్ళున్న ఇనప కడియం ఒకటి ఉంటుంది, టోన్ రింగ్ అంటాం. సెన్సర్ ఆ పళ్ళను లెక్కపెట్టి వేగం చెబుతుంది. ముప్పావు చుట్టు దాకా బాగానే ఉంది. తర్వాత కనపడింది, వెంట్రుకంత చీలిక. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు పడ్డ రోడ్ల తడిని కట్టె పట్టి ఉంచింది. కడియం కింద తుప్పు ఉబ్బి దాన్ని పగలదీసింది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు చీలిక దగ్గర లెక్క తప్పి, చక్రం బిగుసుకుందనుకుని ఏబీఎస్ బ్రేకు వదిలేస్తోంది. అది తన పని తాను చేస్తున్నాననే అనుకుంటుంది కాబట్టి లైటు వెలగదు.

అప్పుడు తట్టింది అసలు సంగతి. మొదటిసారి లైటు వెలిగినప్పుడు ఏబీఎస్ తనంతట తాను ఆగిపోయి ఉంది. అందుకే బ్రేకు మామూలుగా పడేది. నేను సెన్సర్ మార్చి దాన్ని లేపాను. వాళ్ళను కాలవ గట్టు దాకా తోసింది నేనే.

కొత్త రింగు విజయవాడ నుంచి మర్నాటికి గానీ రాదు. ఏబీఎస్ ఫ్యూజు తీసేశాను. లైటు మళ్ళీ వెలిగింది, మామూలు బ్రేకు మిగిలింది. నడక వేగంలో ఇరవైసార్లు తొక్కి చూశాను, తర్వాత ఆయన చేత తొక్కించాను. ప్రతిసారీ ఆగింది. ఆయనకు మాత్రం నమ్మకం చిక్కలేదు.

రెండింటికి నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. సుశీలమ్మ గారు చేతికి పట్టీతో, గోడ పట్టుకుంటూ వచ్చారు. బండిని చూసి, "అమ్మలేదా?" అన్నారు.

"తప్పు బాబాయిగారి కాలిది కాదు పిన్నిగారూ. నాది. మొదటిసారే చక్రం ఒక్క చుట్టు తిప్పి చూడాల్సింది. చూడలేదు."

ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణే.

"ఆ మాట ఇంకోసారి అను బాబూ. ఆయనకి వినపడేలా."

అన్నాను. బాబాయిగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

ఇప్పుడు నా షెడ్డులో ఏ సెన్సర్ మార్చినా, స్కానర్ ఏం చెప్పినా, చక్రం ఒక నిండు చుట్టు చేత్తో తిప్పి కళ్ళతో చూడందే బండి కిందికి దించను. అంతా కలిపితే రెండు నిమిషాల పని.

ఆ రోజు బాబాయిగారు ముందు తలుపు తీసి పట్టుకున్నారు. సుశీలమ్మ గారు దాన్ని దాటి వెనక తలుపు తీసుకుని, సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు.

"ఇల్లొచ్చాక లేపండి" అన్నారు.