సాక్ష్యానికి రమ్మంటే తాండూరు వెళ్లాను

నా బిడ్డ మంజుల పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో మా అల్లుడు నర్సింలు నాకు మూడుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లు నేను ఎత్తలేదు. మూడోసారి, పోయిన నెలలో, ఎందుకో ఎత్తాను. "అత్తమ్మా, వచ్చే ఐతారం నేను సాక్ష్యం చెప్తున్న. నువ్వుండాలె. నువ్వు లేకుంటే కాదు" అన్నాడు. ఎక్కడ అంటే తాండూరులోనే అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోను పెట్టేశాను. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. నాకు తెలిసి సాక్ష్యం చెప్పేది రెండే చోట్ల. ఒకటి కోర్టు, రెండోది రిజిస్ట్రేషన్ ఆఫీసు. తాండూరులో మంజుల పేరు మీద చిన్న ప్లాటు ఉంది. వాళ్లకు పిల్లలు లేరు. దాన్ని తన పేరు మీదికి మార్చుకోవాలంటే తల్లి వేలిముద్ర కావాలేమో అని నా గుండె దడదడలాడింది.

మా పక్కింటి సత్తెమ్మ ఆ దడను ఇంకొంచెం పెంచింది. "నీ అల్లుడు ప్రార్థనలోల్లల్ల కలిసిండంట గదనే. పైలం. గాళ్లు పట్టుకపోయి నీళ్లల్ల ముంచుతరంట" అంది. వెళ్లకపోతే నేను లేని చోట ఏమేం సంతకాలు అయిపోతాయో అని భయం, వెళ్తే ఏం చేయిస్తారో అని భయం. చివరికి వెళ్లడానికే సిద్ధమయ్యాను, అయితే నా జాగ్రత్తలో నేనున్నాను. ఆధార్ కార్డును బియ్యం డబ్బా అడుగున దాచాను. నీళ్లలో ముంచితే కట్టుకోవడానికి సంచిలో ఒక చీర పెట్టుకున్నాను. కుడి బొటనవేలికి పసుపు రాసి, గుడ్డపీలిక చుట్టి, దెబ్బ తగిలినట్టు గట్టిగా ముడేశాను. ఇక ముద్ర ఎలా వేయించుకుంటారో చూద్దామనుకున్నాను.

ప్లాటు కాకుండా నాకూ అల్లుడికీ మధ్య ఇంకొకటి ఉంది. మంజులకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఎనిమిది రోజులు ఇంట్లోనే ఉంచారు. తొమ్మిదోనాడు హైదరాబాదు తీసుకుపోతే, ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరు కోప్పడ్డాడు. ఆ ఎనిమిది రోజుల పాపం అల్లుడిదేనని మా వీధంతా చెప్పుకుంటూ వచ్చాను.

వికారాబాద్ బస్టాండులో ఏడున్నర ప్రాంతంలో తాండూరు పల్లెవెలుగు బస్సు దొరికింది. గంటా పావు ప్రయాణం. పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ ఉండదని అందరికీ తెలుసు, కానీ కార్డు చూపించాలన్న సంగతి నాకు బస్సు ఎక్కాకే గుర్తొచ్చింది. కండక్టరమ్మ వచ్చి, "అవ్వా, ఆధార్ చూపియ్యి, జీరో టికెట్ కొడత" అంది.

"తేలే బిడ్డా."

"ఓటర్ కార్డు?"

"గది గూడ తేలే."

"మరేం తెచ్చినవ్ అవ్వా?"

"చీర తెచ్చిన."

బస్సంతా నవ్వింది. "చీరను చూసి టికెట్ ఇయ్యరు అవ్వా, పైసలు తియ్యి" అంది. అరవై రూపాయల దాకా పోయాయి. అనంతగిరి గుట్టల మలుపుల్లో చల్లటి గాలి తగులుతుంటే అందరూ కిటికీల్లోంచి చెట్లను చూస్తున్నారు, నేను నా సంచిని చూసుకుంటున్నాను. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోవడం మేలు. గుట్ట దిగాక ధారూరు వస్తుంది. అక్కడ క్రైస్తవుల జాతర జరిగే రోజుల్లో ఈ దారిలో బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదని పక్క సీటామె చెప్పింది. అంతమంది ఎందుకు వస్తారో, ఏం ఇస్తారో అని నాకు అప్పుడూ అనుమానమే.

పదిన్నరకు దిగుతానని ముందురోజు నేనే ఫోను చేసి నర్సింలుకు చెప్పాను, ఆ ఒక్క మాటే. తొమ్మిదికి ముందే దిగాను. అతను రాకముందే అన్నీ నా కళ్లతో చూసుకోవాలని. బస్టాండు బయట నెరిసిన గడ్డం ఆటోవాలా ఒకాయన, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడికి. ఊకెనే, చూసొద్దామని."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆజ్ ఇత్వార్ హై నా అమ్మా. తాళం చూసొస్తవా?"

ఆదివారం ఆఫీసు ఉండదన్న మాట వారం రోజులుగా నా బుర్రకు తట్టలేదు. మరైతే ఆదివారం పూట సాక్ష్యమేంటి? ఇది ఇంకేదో పెద్ద మోసమే అనిపించింది. ప్రార్థన మందిరం ఎక్కడో తెలుసా అని అడిగాను.

"బండల పాలిష్ మిషన్లున్నయి గద, గాడ రేకుల షెడ్డు. ముప్పై ఇయ్యి, దించుత."

దారిలో ఉండబట్టలేక, "వాళ్లు మంచోళ్లేనా భాయ్?" అన్నాను.

"నాకేమెరుకమ్మా. మా బీబీ దవాఖానల ఉన్నప్పుడు రెండు దినాలు టిఫిన్ డబ్బా తెచ్చిచ్చిన్రు. మేమెవరో గూడ అడగలే."

ఆయన మంచి మాటగానే చెప్పాడు. నాకు మాత్రం, ముక్కూ మొహం తెలియనివాళ్లకు అన్నం ఎందుకు పెడతారు, దాని వెనక ఏముంది అనే అనిపించింది.

షెడ్డు శుభ్రంగా ఉంది. కింద తాండూరు బండలు పరిచి, మీద చాపలు వేశారు. గుమ్మంలోనే ఒకామె రెండు చేతులు జోడించి "వందనాలమ్మా" అంది. నేను ఎవరో తెలియకుండా దండం ఎందుకు పెడుతోందని వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. తలుపు పక్కనే, పారిపోవడానికి వీలుగా, చెప్పులు సంచిలో పెట్టుకుని కూర్చున్నాను. పాస్టరు గారి భార్యను అక్కడ అందరూ అమ్మగారు అంటారు. ఏభై ఏళ్లుంటాయి. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని నా వేలు చూసింది.

"అయ్యో, ఏమైంది పెద్దమ్మా?"

"కత్తిపీట తాకింది."

ఆమె నా చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, నా బొటనవేలి కోసం దేవుణ్ణి వేడుకుంది. నేను ఒక కన్ను తెరిచి సంచి మీద ఉంచాను. అయితే ఆమె ఊరికే రెండు ముక్కలు అని ఊరుకోలేదు. ఈ చేతులు ఎంతమందికి వండి పెట్టాయో, ఎంత ఒంటరిగా ఉన్నాయో అని సొంత తల్లికోసం అడిగినట్టు అడుగుతోంది. నా ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఆమె కళ్లు తెరిచేలోపే గుడ్డ విప్పేశాను. పక్కనున్న ముసలామె నా వేలు చూసి, "సూడుండ్రి! గింతల్నే మానిపాయె!" అని గట్టిగా అరిచింది.

"మానలేదమ్మా, దెబ్బనే తాకలే. ముద్ర ఏయిస్తరని భయమై కట్టుకున్న" అని చెప్పేశాను.

అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. "ఎవరు ఏయిస్తరు పెద్దమ్మా, ముద్ర?"

"సాక్ష్యం ఉన్నదని మా అల్లుడు నర్సింలు పిలిచిండు."

అప్పుడు ఆమె నవ్వు ఆపింది. "మీరు నర్సింలు అత్తమ్మనా! సాక్ష్యమంటే కోర్టు సాక్ష్యం కాదు. మనకేం కష్టమొచ్చింది, దేవుడు మనల్ని ఎట్ల నిలబెట్టిండు, నలుగురి ముందట చెప్పుకునుడు. ఇయ్యాల మంజుల ఆదరణ కూడిక. పోయినోళ్లను యాది చేసుకొని, ఉన్నోళ్లను ఓదార్చుకుంటం."

"అంత చెప్తరా? దాపెట్టకుంట?"

"అంత చెప్తరు."

ప్లాటు భయం పోయి అంతకంటే పెద్దది పట్టుకుంది. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. మంజులకు కామెర్లు అని తెలిసిన మూడోనాడే నర్సింలు ఆసుపత్రికి తీసుకుపోతానని ఆటో తెచ్చాడు. ఆ ఆటోను తిప్పి పంపింది నేను. ఆకు పసరు పోస్తే తగ్గిపోతుంది, సూదులు వద్దు అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది నేను. ఎనిమిది రోజులూ నా చేత్తోనే పోశాను. అది నాకూ, అతనికీ, పోయిన మంజులకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంతమంది ముందు నన్ను నిలబెట్టి ఆ మాట చెప్పడానికే పిలిచాడని అనుకున్నాను. లేచి వెళ్లిపోవాలనుకునేలోపే అతను లోపలికి వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. "ఎప్పుడొచ్చినవ్ అత్తమ్మా? బస్టాండ్ల నీకోసమే సూసి సూసి వస్తున్న" అన్నాడు.

"ఏం చెప్తవ్ ఇయ్యాల?" అన్నాను.

"నా సంగతే చెప్త" అని ముందుకు వెళ్లిపోయాడు.

పాటలు, ప్రార్థన అయ్యేసరికి పదకొండున్నర దాటింది. నర్సింలు మైకు పట్టుకున్నాడు. "నా భార్యకు కామెర్లైతే ఎనిమిది దినాలు ఇంట్ల పెట్టిన. మొగోన్ని, ఎత్తుకొని పోవాల్సింది, పోలే. గది నా తప్పే" అన్నాడు. పసరు మాట ఎప్పుడు వస్తుందా అని ఊపిరి బిగబట్టాను. రాలేదు. మంజుల పోయాక మూడు నెలలు తాగుడులోనే ఉన్నానని, ఒకరోజు బండలు తవ్వి తీసిన, నీళ్లు నిండిన గుంత ఒడ్డున నిలబడ్డానని చెప్పాడు. పాలిష్ పనిలో తనతో ఉండే ఒకాయన రోజూ అన్నం వేళకు పక్కన వచ్చి కూర్చునేవాడట. నెల రోజులు ఏమీ అడగకుండా కూర్చుని, ఆ తర్వాత ఇక్కడికి తీసుకొచ్చాడట. "నా దుఃఖం పోలే. కానీ మోసెటోడు దొరికిండు. యేసయ్య దొరికిండు. అత్తమ్మా, నీ బిడ్డను కాపాడలేకపోయిన. నన్ను మాఫ్ చెయ్యి" అని కూర్చున్నాడు.

మొదట నాకు వచ్చింది అనుమానమే. ఎందుకు దాచాడు? దీని వెనక ఏ ఎత్తు ఉంది? ఎవరైనా నన్ను చూస్తున్నారా అని చుట్టూ చూశాను. ఎవరూ చూడటం లేదు, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అలా చూస్తుండగానే లేచాను. ఎలా నడిచానో తెలియదు, ఎవరి చేయో తొక్కాను కూడా. మైకు నోటి దగ్గర పెట్టుకుంటే అది కూతపెట్టింది.

"పిల్లగాడు చెప్పింది అబద్ధం. మూడోనాడే ఆటో తెచ్చిండు. నేనే వాపస్ పంపిన. పసరు పోసింది నేను. ఏడాది సంది ఊరంత గీయన మీద చెప్పుకుంట తిరిగింది గూడ నేనే."

కూతురు పోయిన రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎవరూ నన్ను తిట్టలేదు, బుద్ధి చెప్పలేదు. పాస్టరు గారు పెద్దాయన, వచ్చి తనే ఒక చాప లాగి నన్ను కూర్చోబెట్టి, అందరి తరఫున మెల్లగా ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో నా తప్పును తప్పే అన్నారు, నన్ను మాత్రం కూతురా అన్నారు. నా వయసులో నన్ను అలా పిలిచేవాళ్లు ఎవరున్నారు?

ఇప్పటికీ నాకు అనుమానం పోయిందని చెప్పను. ఇక్కడ వికారాబాద్‌లో కూడా ఆదివారం ప్రార్థనకు వెళ్తున్నాను, సంచి మాత్రం ఒళ్లోనే ఉంచుకుంటాను. వాళ్లు బాప్తిస్మం అనే ఆ నీళ్లలో ముంచే సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను, ఎవరూ తొందర పెట్టలేదు. అయితే ఒకటి మారింది. ఇంతకుముందు పొద్దున కళ్లు తెరవగానే మొదట భయం వచ్చేది. ఇప్పుడు రెండు మాటలు దేవుడితో చెప్పుకుంటాను, ఆ తర్వాతే భయం వస్తుంది. రానీ, అది ఇప్పుడు నన్ను ఒంటరిగా పట్టుకోలేదు. ఎవరి చావు వెనకైనా ఇలాంటి ఎనిమిది రోజులు దాచుకున్న తల్లులు ఉంటే, నా మాట నమ్మండి, చెప్పుకోవడానికి ఒక చోటు ఉంది.

ఇలాంటి కూడికకు తాండూరు వెళ్లేవాళ్లకు ఒక సలహా. తిరుగు బస్సు కోసం హడావిడి పడకండి. సాయంత్రం దాకా బస్సులున్నాయి, స్టేషన్‌కు వెళ్తే రైలూ దొరకవచ్చు. కూడిక అయ్యాక రెండు గంటలకు అన్నం, కందిపప్పు పెడతారు. తిని వెంటనే లేవకండి. మేమిద్దరం గోడ పక్కన బండ మీద కూర్చున్నాం. పసరు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. నర్సింలు "దవాఖానల మంజుల చెప్పింది అత్తమ్మా. అమ్మను ఏమనకు, నా మీది ప్రేమతోనే పోసింది అన్నది" అన్నాడు. ఆ మాట కోసం నాలుగు బస్సులు వదులుకోవచ్చు.