దేవదానం మాస్టర్ ఎర్ర కోటు

చింతపండు గుజ్జుతో ఇత్తడి తోమితే ఒక పుల్లటి వాసన వేళ్లకు పట్టుకుంటుంది, సబ్బు పెట్టి కడిగినా పోదు. అఫ్జల్‌గంజ్‌లోని మా బ్యాండు దుకాణంలో పెళ్లిళ్ల రోజులు దగ్గరపడితే ఇప్పటికీ అదే వాసన. బాకాలు తోముతూ కూర్చున్నప్పుడల్లా నాకు దేవదానం మాస్టర్ గుర్తొస్తారు. గుర్తొస్తే ఆ పూట మనసు బాగుండదు, ఆ మాట ముందే చెబుతున్నాను. నాకు క్లారినెట్ పట్టుకోవడం నేర్పి, ఇంత తిండి సంపాదించుకునే దారి చూపింది ఆయనే.

మీరు ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉన్నా మొహం గుర్తుండదు. బారాత్‌లో జనం పెళ్లికొడుకును చూస్తారు, గుర్రాన్ని చూస్తారు. మా వైపు తిరిగితే కనబడేది కోటు ఒక్కటే. ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. పనిలో చేరిన కొత్తలో అది తొడుక్కుని అద్దం ముందు తెగ మురిసిపోయాను. మాస్టర్ వెనక నిలబడి చూశారు.

"ఏంది యాదగిరీ, మస్తు ఖుషీగున్నవ్. రాజుల డ్రెస్ అనుకుంటున్నవా?"

"కాదా మాస్టర్?"

"నౌకర్ల డ్రెస్ బిడ్డా. తెల్లదొర తన ఫౌజుల బాజా వాయించేటోళ్లకు ఇచ్చిండు. దొర వోయిండు, డ్రెస్ మిగిలింది."

మిగతా కథ తెలియడానికి చాలా కాలం పట్టింది. ఒక వానాకాలం మధ్యాహ్నం, పని లేని రోజున, కిషన్‌బాగ్‌లో వాళ్ల రెండు గదుల ఇంట్లో కూర్చుని ఉన్నాం. ఆయన భార్య సుగుణమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. ఆ రోజు మాస్టర్ అడగకుండానే చెప్పారు. "మా ముత్తాత గా ఫౌజుల బాకా ఊదిండు. ఓడల ఎక్కించుకపోయిన్రు. బర్మా అంటరు, ఆఫ్రికా అంటరు, ఎన్ని దేశాలు తిరిగిండో ఆయనకే తెల్వది. ఊరు దగ్గరకొస్తే బాజా మొదలువెట్టమనేటోళ్లంట. చప్పుడు ఇని పిల్లలు, ఆడోళ్లు పండుగేమో అని బయటికొచ్చేటోళ్లు. బాజా ఎన్క తుపాకులు వచ్చేటియి."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంటది. గా ఊరు దొరది అయితది."

తిరిగొచ్చాక ఆ పెద్దాయన బాకా ముట్టనన్నాడట. ఇంట్లో గింజ లేని రోజున మళ్లీ ముట్టాడట, పెళ్లిళ్ల కోసం. వచ్చింది ఒక్కటే రకం పాట కాబట్టి ఫౌజులో ఊదినదే పెళ్లి ముందు ఊదాడు. పెళ్లికొడుకు గుమ్మం చేరేటప్పుడు మేము వాయించేది ఆ పాటే. నేను బడిలో సామ్రాజ్యాల పాఠం చదివాను. ఎవడు ఏ దేశాన్ని పట్టుకున్నాడో పటంలో రంగులు వేసి, తెల్లదొర దేశాలకు ఎరుపు పూసి, మార్కులు తెచ్చుకున్నాను. ఆ రంగు నా ఒంటి మీద ఉందని, ఆ పాట నా ఊపిరితోనే నడుస్తోందని ఆ మధ్యాహ్నం దాకా నాకు తట్టలేదు. చాయ్ తాగబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పురానాపూల్ దగ్గర బారాత్. పక్కన ఒక సూడాన్ కుర్రాడు నిలబడి చూస్తున్నాడు, ఇక్కడ చదువుకోవడానికి వచ్చినవాడు. పాట అయ్యాక మాస్టర్ దగ్గరికి వచ్చి, వచ్చీరాని ఉర్దూలో ఈ పాట మీకెక్కడిదని అడిగాడు. వాళ్ల నాయనమ్మ దీన్ని కూనిరాగం తీయనిచ్చేది కాదట. ఆమె చిన్నతనంలో ఎర్ర కోట్ల వాళ్లు ఇది వాయిస్తూ వీధిలోకి వస్తే, వాళ్లమ్మ పిల్లల్ని లోపలికి లాగి తలుపులు వేసేదట. కుర్రాడు కోపంగా అనలేదు, ఆశ్చర్యపోయి అన్నాడు. మాస్టర్ అతని చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "మాఫ్ కరో బేటా," అని మన్నింపు అడిగారు. అతనికి ఎందుకో అర్థం కాలేదు.

తర్వాతి పెళ్లికి మాస్టర్ తెల్ల చొక్కాతో వచ్చారు. పెళ్లికూతురి మేనమామ ఎగాదిగా చూసి, "కోటు లేకుంటె బ్యాండేంది? పీనుగకాడికి వచ్చినట్టున్నవ్," అన్నాడు. లొల్లి ఎందుకని మాస్టర్ కోటు తెప్పించి తొడుక్కున్నారు. ఆ రోజు ఆయన ఊదిన తీరు నాకు నచ్చలేదు, ఆయనకూ నచ్చలేదు. ఇంటికి పోతూ నా భుజం మీద చేయి వేసి అన్నారు. "బతికినన్ని దినాలు ఇడవలేకపోయిన. సచ్చినంకన్న నా ఒంటి మీద ఇది ఉండొద్దు యాదగిరీ. గీ ఒక్కటి జర చూస్కో." చూసుకుంటానన్నాను.

ఊపిరితిత్తులు చెడి ఆయన మంచాన పడ్డారు. చనిపోయిన రోజు పొద్దున నేను వెళ్లేసరికి సుగుణమ్మ కోటు ఇస్త్రీ చేస్తోంది. ఆయన మాట చెప్పాను. ఆమె పని ఆపలేదు.

"నాకు గూడ చెప్పిండు బిడ్డా. నేను మర్సిపోయిననుకుంటున్నవా?"

"మరి ఇదెందుకు అమ్మా?"

"మంచాన పడ్డకాడికెళ్లి పాత లుంగీలు, చిరిగిన బనీన్లే. గా తెల్లంగి గూడ పీలికలైంది. చర్చోళ్లంత వస్తరు, పాస్టరొస్తడు. ఆయనకున్న మంచి బట్ట గిదొక్కటే. ఏం తొడగాల్నో నువ్వు చెప్పు."

బజారుకు పరుగెత్తి చొక్కా తెస్తానన్నాను. ఆమె తలెత్తి గోడకున్న ఫోటో చూసింది. పెళ్లినాటిది, అందులోనూ ఆయన ఆ కోటులోనే ఉన్నారు. "వద్దు బిడ్డా. ఆయన నా కండ్లకు గిట్లనే తెలుసు," అంది. ఆమెతో వాదించడం నా వల్ల కాలేదు. మనిషి చిక్కిపోవడంతో కోటు వదులైంది. ఒక వైపు ఆమె పట్టుకుంటే గుండీలు నేనే పెట్టాను.

ఇప్పుడు బ్యాండుకు మాస్టర్‌ని నేను. అలాంటి ఎర్ర కోటే తొడుక్కుంటున్నాను, ఆ పాటే వాయిస్తున్నాను, వాటిని నమ్ముకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అయితే నా కొలతకు ఒక తెల్ల చొక్కా కుట్టించి, బీరువాలో పై అరలో పెట్టాను. పండుగకు గానీ పెళ్లికి గానీ దాన్ని తీయను. ఎందుకు కుట్టించానో మా ఆవిడకు చెప్పి, ఆమె చేత ఊ అనిపించుకున్నాను.